సోమరిపోతు అంటే ఎవలు?

మొన్న మా ఊరి చాయ్ హోటల్ కాడ కూసున్న. నాట్ల కాలం. పొద్దుగాల తొమ్మిదైతున్నది. పక్క బల్ల మీద పదెకరాల ఆసామి ఒకాయన రెండో చాయ తాగుకుంట అంటున్నడు: "కూలోళ్లు దొరుకుతనే లేరు. బియ్యం ఫిరీ, బస్సు ఫిరీ. సర్కారే అందర్ని సోమరిపోతుల్ని చేసి కూసోబెట్టింది." చుట్టున్న నలుగురు తలకాయలూపిండ్రు. గప్పుడే రోడ్డు మీదికెల్లి రెండు ఆటోలు పోయినయ్. ఒక్కో దాంట్ల పది పన్నెండు మంది ఆడోళ్లు, ఒళ్ల సద్ది గిన్నెలు. పక్కూర్ల గుత్తకు నాటెయ్య పోతున్నరు. వాళ్లల్ల సగం మంది మా ఊరోళ్లే.

ఆ ఆసామి చెడ్డోడేం కాదు. ఆపదొస్తే ఆదుకునే మనిషే. ఆయన నోట్లెకెల్లి వచ్చిన మాట ఆయన ఒక్కనిది గూడ కాదు. టీవీల అంటరు, అసెంబ్లీల అంటరు, పెండ్లి బంతిల కూసున్నకాడ అంటరు. అందుకే ఈ వారం వేరే ఏం రాయకుండ గీ ఒక్క మాట ముచ్చట చెప్త. సోమరిపోతు. ఇది యాడికెల్లి వచ్చింది, దాని సుట్టాలెవలు, ఎవలు ఎవల్ని అంటున్నరు, అన్నంక ఏమైతున్నది.

నాకు సమజైన సంగతి ముందే చెప్త. ఈ మాట పనిని కొలుస్తదని మనం అనుకుంటం. గని ఇది కొలిచేది మనిషి స్థాయిని. మీదున్నోడు కిందున్నోన్ని అంటడు. కిందున్నోడు మీదికి చూసి అన్నది నేనైతే పెద్దగ ఇనలేదు.

మాట పుట్టుక

సోమరి అన్నది మన దక్షిణాది మాట. కన్నడంల సోమారి అంటరు, తమిళంల సోంబేరి అంటరు. చిత్తూరు దిక్కు మన తెలుగోళ్లు గూడ సోంబేరి అనే తిడ్తరు. బ్రౌన్ దొర 1852ల అచ్చేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువుల గూడ సోమరి ఉన్నది. అంటే నిన్న మొన్న పుట్టిన తిట్టు కాదు, తాతల నాటిదే.

దానెనక ఉన్న పోతును చూడుండ్రి. తిండిపోతు, తాగుబోతు, తిరుగుబోతు, వాగుబోతు. వినంగనే దున్నపోతు యాదికొస్తది గదా. గీ మాటలన్నిట్ల పోతు చేసే పని ఒక్కటే. మనిషి అప్పుడప్పుడు చేసే పనిని తీసుకపోయి ఆయన పుట్టుగుణం చేస్తది. ఒకనాడు తాగినోడు తాగిండు, అంతే. తాగుబోతు అన్నమంటే ఇగ ఆయన పేరే అది. సోమరిపోతు గూడ గంతే. ఒకనాడు పనికి రానోడు ఎందుకు రాలేదో అడిగే అవసరం ఇగ ఉండదు. పేరు పెట్టినం గదా, అయిపాయె.

ఇంక రెండు మాటల కత చిత్రంగ ఉంటది. సంస్కృతంల ఆలస్యం అంటే సోమరితనమే. తెలుగుల కొచ్చేసరికి అది లేటు అయింది. బస్సు ఆలస్యం అంటే బస్సు బద్ధకస్తురాలని ఎవలనుకోరు. అట్లనే ఉర్దూల సుస్తీ అంటే మందకొడితనం, బద్ధకం. మన ఊర్లల్ల సుస్తి అయింది అంటే జరమొచ్చింది, పానం బాగలేదు అని. "వాడు సుస్తిగ ఉన్నడు, నాలుగు దినాలు పనికి రాడు" అంటే ఎవలు కోపం చెయ్యరు, ఇంత జావ కాసి పంపుతరు. ఉర్దూల నింద లెక్కున్న మాట మన నోట్లెకు వచ్చి రోగం పేరయింది. నాకు గీ మార్పు శాన ఇష్టం. మనిషి మెల్లగయిండంటే ముందుగాల పానం సంగతి అడగాలె అని మన భాషకు ఎరుకే. మనమే మర్చిపోయినం.

బద్ధకం నాది, సోమరితనం నీది

సోమరిపోతుకు అక్కచెల్లెండ్లు మస్తుమంది. అన్నీ ఒక్కటి కాదు.

బద్ధకం ఒక పూట సంగతి. "ఇయ్యాల బద్ధకంగ ఉన్నది, తానం రేపు చేస్త" అంటం. ఇది మన గురించి మనం చెప్పుకునే మాట. నవ్వుకుంట చెప్పుకుంటం. సోమరిపోతు మాత్రం మన గురించి మనం చెప్పుకోం. ఎదుటోని మీద ఏస్తం. నేను పండుకుంటె బద్ధకం, నువ్వు పండుకుంటె సోమరితనం.

అవ్వ కొడుకును "లేవురా సోమరిపోతా, పొద్దెక్కింది" అంటది. దాంట్ల ప్రేమ ఉన్నది. అన్నం కలిపి పెట్టుకుంట తిట్టే తిట్టు అది. అదే మాట యజమాని జీతగాన్ని అంటే అన్నం బంద్ చేసే తిట్టు. అక్షరాలు గవే, అర్థం వేరు. డిక్షనరీల ఇది దొరకది.

ఇంకోటి పనిదొంగ. హైదరాబాద్ల కామ్‌చోర్ అంటరు. ఈ మాటను జర నిలబెట్టి చూడాలె. దొంగతనం అంటే ఇంకొకని సొమ్ము తీసుకునుడు. మరి పనిని దొంగిలించిండు అంటే, ఆ కూలోని చేతుల బలం అంతకు ముందే ఇంకొకని సొమ్ము అని ఒప్పుకున్నట్టే గదా? తెలంగాణల వెట్టి నడిచిన రోజులల్ల గిదే లెక్క. చాకలి, కుమ్మరి, మాదిగ, ఒక్కరు కాదు, అందరు దొర గడీకి పైస లేకుండ చెయ్యాలె. రానోడు పనిదొంగ, ఎదురు అడిగినోడు ఒళ్లు బలిసినోడు. పైస ఇయ్యని దొరను మాత్రం పనిదొంగ అనలేదు. ఆ మాట నిజంగ సరిపోయేది ఆయనకే.

ఇది మన దగ్గరి కతే కాదు. మలేషియా పండితుడు సయ్యద్ హుస్సేన్ అలతాస్ 1977ల సోమరి స్థానికుడు అనే కట్టుకత మీద ఒక పెద్ద పుస్తకం అచ్చేసిండు. మలయా, జావా, ఫిలిప్పీన్స్ జనాన్ని తెల్లదొరలు సోమరులని ఎందుకు రాసిండ్రో అండ్ల ఇప్పి చెప్పిండు. మలయా రైతులు తమ మళ్లల్ల తాము వరి పండించుకుంట, చేపలు పట్టుకుంట బతికిండ్రు. దొరల తోటలల్ల తక్కువ కూలికి పోలేదు. అందుకని సోమరులైండ్రు. సొంత పని చేసుకునుడు లెక్కకు రాలేదు, దొర పని చేస్తేనే పని.

మా దిక్కు పొలం పనిల గూడ గీ కిటుకు కనపడ్తది. కైకిలికి పిలిస్తే రోజు కూలి. ఎంత నాటేసినా గదే పైస. అప్పుడు ఆడోళ్లు మాట్లాడుకుంట, నడుము నొయ్యకుండ మెల్లగ ఏస్తరు. అదే గుంపుకు ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుండ్రి. పొద్దు పొడవక ముందే మడిల దిగుతరు, పెందలాడ ఒడగొట్టి ఇంకో మడికి పోతరు. మనుషులు మారలేదు, నడుములు మారలేదు. లెక్క మారింది. మరి మొదటి దినం సోమరిపోతులైనోళ్లు రెండో దినం ఏమైనట్టు?

బేకార్, బేవార్స్, పోరంబోకు

పని లేనోన్ని మనం తిట్టే మాటలు ఇంక మూడున్నయ్. వాటి పుట్టుక తెలిస్తే తిట్టబుద్ధి కాదు.

బేకార్. ఫార్సీల బే అంటే లేకుండ, కార్ అంటే పని. బేకార్ అంటే పని లేనోడు, నిరుద్యోగి, గంతే. మన నోట్లెకు వచ్చినంక "బేకార్ గాడు" అంటే పనికి మాలినోడు. పని దొరకనోడు పనికిరానోడు ఎట్లయిండు? గీ మాట లోపట్నే అయిండు. డిగ్రీ చదివి ఏండ్లకేండ్లు అశోక్‌నగర్ల కోచింగ్ తీసుకుంట నోటిఫికేషన్ కోసం ఎదురుచూసిన పోరగాండ్లకు గీ మాట దెబ్బ ఎట్లుంటదో ఎరుకే. పండుగకు ఊరికి పోతే "ఇంక బేకారేనా?" అని అడుగుతరు. అడిగినోడు ఖాళీ పోస్టుల సంగతి అడగడు.

బేవార్స్. బే-వారిస్, అంటే వారసులు లేని సొమ్ము. ఎనకా ముందు ఎవలు లేనోడు. దిక్కులేనోన్ని చూస్తే జాలి పడాలె గని మనం దాన్ని తిట్టు చేసుకున్నం.

పోరంబోకు. ఇది తమిళంకెల్లి వచ్చిన రెవెన్యూ మాట. శిస్తు పడని భూమి. చెరువు, బాట, శ్మశానం, పశువులు మేసే జాగ. అంటే ఊరందరిది. సర్కారు ఖజానకు పైస రాని భూమి పోరంబోకు, తర్వాత పైస సంపాయించని మనిషి గూడ పోరంబోకు అయిండు. ఊరికి నీళ్లిచ్చే చెరువు పోరంబోకే, ఊరికి గొడ్లు మేపే జాగ పోరంబోకే. అవి లేకపోతే ఊరే లేదు. అయినా ఆ పేరుతోని మనుషుల్ని తిడ్తం.

మూడు మాటలు పక్కపక్కన పెట్టి చూడుండ్రి. పని లేనోడు, మనుషులు లేనోడు, శిస్తు కట్టే భూమి లేనోడు. దీంట్ల గుణం సంగతి యాడున్నది? ఉన్నదంత లేమి సంగతే.

ఒళ్లు వంగనోళ్లు

"ఒళ్లొంచి పని చెయ్యడు" అంటం. ఈ మాట ఎప్పుడిన్నా నాకు మా మేనమామ యాదికొస్తడు.

మాది నల్లగొండ జిల్ల, మర్రిగూడ దిక్కు. మా మామ చిన్నప్పటి నుంచి ఒక పటేలు కాడ జీతగాడు. నేను బడికి పొయ్యే రోజులల్ల ఆయనకు ముప్పై ఐదు దాటలేదు. గని నడుము వంగకపోయేది. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరిగేటోడు. నాగలి పట్టలేకపోయిండు, గడ్డి మోపు ఎత్తలేకపోయిండు. పటేలు "ఒళ్లు వంగని సోమరిపోతు, తిండికి మాత్రం ముందుంటడు" అని నలుగురి ముందట అన్నడు. ఆ ఏడు జీతం తీసేసిండు. ఇంట్ల గూడ అన్నరు. సచ్చెం చెప్పాలంటే మా అవ్వ గూడ అన్నది, సొంత తమ్మున్ని. నేను గూడ నవ్విన. పోరగాన్ని, తెల్వది.

ఆయనకున్నది ఫ్లోరోసిస్. నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు. మా దిక్కు బోర్లల్ల, బావులల్ల దానికి ఎన్నో రెట్లుండేది. ఏండ్లకేండ్లు ఆ నీళ్లు తాగితే పండ్లు గారపడ్తయ్, ఎముకలు బిగుసుకపోతయ్, వెన్నుపూస కట్టె లెక్కయితది. ఇది కొత్త రోగం గూడ కాదు. 1937లనే అప్పటి నెల్లూరు జిల్లల దీన్ని డాక్టర్లు పట్టుకొని రాసిండ్రు. నీళ్లల్లకెల్లి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి దునియ మొత్తం మీద మా జిల్ల పేరే పెట్టిండ్రు, నల్లగొండ టెక్నిక్ అని. పటిక, సున్నం కలిపి నీళ్లు తేరబెట్టుడు. పద్ధతికి మా పేరు దొరికింది గని మంచినీళ్లు మా మామకు దొరకలేదు. ఆయన సచ్చేదాక సోమరిపోతనే పేరుతోనే బతికిండు. రోగం పేరు ఆయనకు ఎవలు చెప్పలేదు.

వంగని నడుము ఒక్కటే కాదు. రక్తం లేని ఒళ్లు గూడ ఉన్నది. 2019-21ల చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడుండ్రి. 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల రక్తహీనత ఉన్నోళ్లు తెలంగాణల నూటికి 57 మంది పైన, ఆంధ్రల 58 మంది పైన. రక్తం లేకపోతే ఏమైతది? నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పొద్దంత నీరసం, యాడ కూసుంటె ఆడ్నే కూలబడుడు. బయటికెల్లి చూసెటోనికి అది సోమరితనం లెక్కనే ఉంటది.

అమెరికాల గూడ గిట్లనే జరిగింది. దక్షిణ రాష్ట్రాల పేద తెల్లోళ్లను సోమరులని ఏండ్లకేండ్లు ఎక్కిరించిండ్రు. తర్వాత చూస్తే కడుపుల కొంకిపురుగు. చెప్పులు లేని కాళ్లకెల్లి ఒంట్లెకు పోయి పేగులల్ల రక్తం తాగే పురుగు అది. దాన్ని తరిమేటందుకు 1909ల రాక్‌ఫెల్లర్ పైసలతోని ఒక కమిషనే పెట్టిండ్రు. పేపర్లోళ్లు ఆ పురుగుకు సోమరితనం క్రిమి అని పేరు పెట్టిండ్రు. ఇయ్యాల మన బడులల్ల పిల్లలకు ఇచ్చే నులిపురుగుల గోళి గూడ గా జాతి పురుగుల కోసమే. అంటే ఒక గోళితోని పొయ్యేదాన్ని తరాల తరబడి గుణం అన్నరు.

ఇంట్ల ఊకుండేది

"మీ ఇంటామె ఏం చేస్తది?" "ఏం చెయ్యది, ఇంట్ల ఊకెనే ఉంటది." గిది మనం దినాం ఇనే జవాబు. చెప్పేది మొగోడు, పక్కకు నిలబడి చాయ పోసేది ఆ ఊకున్న ఆమె.

కేంద్ర సర్కారు 2019ల మనుషులు దినమంత ఏం చేస్తరని లెక్క తీసింది. పైస లేని ఇంటిపనికి ఆడోళ్లు రోజుకు 299 నిమిషాలు పెడ్తున్నరు, మొగోళ్లు 97 నిమిషాలు. అదీ ఇంటిపని చేసే మొగోళ్ల లెక్క. మల్ల 2024ల తీస్తే ఆడోళ్లకు 289, మొగోళ్లకు 88. వారానికి ఏసుకుంటే ఆడమనిషి 33 గంటల పైన జీతం లేకుండ చేస్తున్నది. దాని మీద కైకిలి వేరే.

మాటల గమ్మతు చూడుండ్రి. "కూసుండి తింటది" అంటం. నిజామాబాద్, జగిత్యాల దిక్కు బీడీలు చేసే అక్కలను పొయి చూడుండ్రి. పొద్దంత కూసునే ఉంటరు. ఒళ్ల చాట, చేతుల ఆకు, తంబాకు, దారం. వెయ్యి బీడీలకు ఇంతని కూలి. నడుము పడిపోతది, దమ్ము పడ్తది. కూసుండుడు అన్ని దిక్కుల్ల తీరిక కాదు, కొందరికి అదే పని. ఆఫీసుల కుర్చీల కూసున్నోన్ని "కూసుండి తింటున్నడు" అని మనం అనం. అరుగు మీద కూసుని బీడీలు చేసేటామెను మాత్రం ఇంట్ల ఊకున్నదంటం.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణల ఆడోళ్లకు ఆర్టీసీ బస్సు ఫిరీ అయింది. గప్పటి నుంచి "పనీపాట లేక తిరుగుతున్నరు" అనే మాట మొదలైంది. సీట్ల కోసం కొట్లాడే వీడియోలు తిప్పి తిప్పి నవ్విండ్రు. గని తెల్లారంగ నాలుగున్నర, ఐదు గంటలకు సిటీకి వచ్చే బస్సు ఎక్కి చూడుండ్రి. ఇండ్లల్ల పనికి పొయ్యేటోళ్లు, ఆసుపత్రులు ఊడ్చేటోళ్లు, కూరగాయల గంపలోళ్లు. కిరాయి మిగిలిన పైసతోని ఏం చేసిండ్రో అడుగుండ్రి. పిల్లల ఫీజు అంటరు, షుగర్ గోళీలంటరు.

సర్కారు నోట్ల సోమరిపోతు

ఇగ అసలు గడ్డు సంగతి. ఊర్ల అంటే అది తిట్టు. సర్కారు అంటే అది పథకం రద్దు.

1983ల ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం పెట్టిన కాన్నుంచి గీ వాదం ఉన్నది: ఫిరీగ పెడ్తే జనం సోమరులైతరు. జర లెక్క చేద్దాం. తెలంగాణల రేషన్ కార్డు మీద మనిషికి నెలకు ఆరు కిలోలు. రోజుకు 200 గ్రాములు. రెండు పూటలకు పంచుకుంటే పూటకు 100 గ్రాములు. దాంట్ల పప్పు లేదు, నూనె లేదు, కిరాయి లేదు, కరెంటు బిల్లు లేదు, దవఖాన లేదు, పిల్ల పెండ్లి లేదు. గీ 200 గ్రాముల బియ్యం చూసుకొని పని మానేసి పండుకునే మొనగాడు ఎవడైనా ఉంటే నాకు చూపెట్టుండ్రి, ఎట్ల బతుకుతున్నడో నేను గూడ నేర్చుకుంట.

ఉపాధి హామీ పనిని గూడ సోమరి పథకమన్నరు. దాని పేర్లనే పని ఉన్నది! 2005 చట్టం ఏం చెప్పింది? పల్లెల ప్రతి ఇంటికి ఏడాదికి వంద దినాల పని చూపెట్టాలె, అడిగిన పదిహేను దినాలల్ల ఇయ్యకుంటే భృతి ఇయ్యాలె. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్ల బండ్లపల్లిల ఇది మొదలైంది. ఎండకాలంల గడ్డపార పట్టి మట్టి తవ్వి తట్ట మోసినోళ్లను సోమరులంటే, మరి పని అంటే ఏంది? అసలు కోపం వేరే ఉన్నది. ఉపాధి పని ఉన్నకాడ కూలి రేటు కింద పడలేదు. ఆడమనిషి "గా పైసలకైతే నేను రాను" అనగలిగింది. ఆ రాను అన్న మాటకే సోమరితనం అని పేరు పడ్డది.

ఇంకో దిక్కు చూడుండ్రి. 2018ల రైతుబంధు వచ్చింది. మొదట్ల ఎకరానికి పంటకు నాలుగు వేలు. ఎన్నెకరాలున్నా ఇచ్చిండ్రు, భూమికి హద్దు పెట్టలేదు. పట్టా ఉంటే చాలు, నాగలి పట్టాలని లేదు. సిటీల ఉన్నోనికొచ్చింది, అమెరికాల ఉన్నోనికొచ్చింది. అదే భూమిని కౌలుకు తీసుకొని దున్నేటోనికి రూపాయి రాలేదు. పని చెయ్యకుండ పైస తీసుకునుడే సోమరితనం అయితే గీ లెక్క ఎటు పోవాలె? యాభై ఎకరాల పట్టాదారును సోమరిపోతు అన్నోన్ని నేను ఇంతవరకు చూడలేదు. ఆయనకొస్తే పెట్టుబడి సాయం, కూలోనికొస్తే ఉచితం.

2025 ఫిబ్రవరి 12న సుప్రీంకోర్టుల ఒక ముచ్చటైంది. పట్నాలల్ల ఇల్లు లేనోళ్లకు నీడ కల్పించే కేసు నడుస్తున్నది. ఉచిత రేషన్, పని లేకుండ పైసలు ఇచ్చి మనం పరాన్నజీవుల వర్గాన్ని తయారు చేస్తలేమా అని జస్టిస్ గవాయి అడిగిండు. ఎన్నికల పథకాల వల్ల మహారాష్ట్రల వ్యవసాయానికి కూలోళ్లు దొరుకుతలేరని గూడ అన్నడు. పని ఉంటే చెయ్యనన్నోళ్లు దేశంల ఉండుడు కష్టం అని ఆ కేసుల వకీలు ప్రశాంత్ భూషణ్ జవాబు చెప్పిండు. న్యాయమూర్తి మీద నాకు గౌరవం ఉన్నది. గని ఆ దినం కేసు ఫుట్‌పాత్ మీద పండుకునేటోళ్లది. రాత్రి పండుకునే జాగ లేనోడు తెల్లారి పనికి పొయ్యే శక్తి యాడికెల్లి తెస్తడు అన్నది అసలు ముచ్చట. పేపర్లల్ల మాత్రం హెడ్డింగు పరాన్నజీవులైంది. సోమరిపోతన్నప్పుడు కనీసం మనిషే. పరాన్నజీవి అన్నంక పురుగు.

పెద్దోళ్లకు వేరే మాటలు

పేదోడు పని లేక కూసుంటె సోమరితనం. పెద్దోడు కూసుంటె విశ్రాంతి, విహారం, హవా బదిలీ. పేద పోరగాడు రోడ్డు మీద నిలబడితే జులాయి, ఉన్నోని కొడుకు ఏడాది ఖాళీగుంటే కెరీర్ గురించి ఆలోచిస్తున్నడు. మాటలు గూడ ఇండ్లు చూసి పోతయ్.

జీతగాండ్లకు మాత్రం ఎంత చేసినా సరిపోదు. 2023 అక్టోబర్ల ఇన్ఫోసిస్ నారాయణమూర్తి పడుచోళ్లు వారానికి 70 గంటలు పని చెయ్యాలన్నడు. 2025 జనవరిల ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 గంటలన్నడు, ఆదివారం గూడ రమ్మన్నడు, ఇంట్ల కూసుని పెండ్లాం మొఖం ఎంతసేపు చూస్తరని అడిగిండు. 90 గంటలు అంటే ఏడు దినాలు, దినానికి 13 గంటలకు దగ్గర. మరి ఆ ఇంట్ల వండెదెవలు, పిల్లలను చూసేదెవలు? ఇందాక చెప్పిన 289 నిమిషాల ఆమెనే.

1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు అన్నది. ఎనిమిది గంటల పని కోసం 1886ల చికాగోల కార్మికులు పానాలిచ్చిండ్రు, మేడే అందుకే చేస్తం. 2025ల ఆంధ్ర, తెలంగాణ రెండు సర్కార్లు వ్యాపారం సులువు కావాలని రోజుకు పది గంటల పనికి దారి ఇచ్చినయ్. ఎనిమిది గంటలు చేసి ఇంటికి పోత అన్నోడు రేపు సోమరిపోతు అయితడేమోనని నాకు భయమైతున్నది.

మార్క్స్ అల్లుడు పాల్ లఫార్గ్ ఈ తిట్టును తిరగేసి పట్టుకున్నడు. క్యూబాల పుట్టిన మనిషి. 1880ల సోమరితనం మన హక్కు అని ఒక చిన్న పుస్తకమంత రాసిండు. యంత్రాలొచ్చినంక రోజుకు మూడు గంటల పని చాలు, మిగిలిన పొద్దు మనిషిది అన్నడు. నేను ఆయనన్నదంత ఒప్పుకోను. మూడు గంటలల్ల నాటు ఒడవది. గని ఒక మాట నిజం. మనిషికి పనితోపాటు తీరిక గూడ కావాలె. ఆ తీరిక అడుగుడు తప్పు కాదు.

మరి సోమరులే లేరా?

ఉన్నరు. ఎందుకు లేరు? నేనే ఉన్న. ఈ ముచ్చట పోయిన వారమే రాయాలె, బద్ధకమై రాయలేదు. పెండ్లాం కైకిలి పైసతోని తాగి అరుగు మీద పండుకునే మొగోళ్లను నేను దినాం చూస్త, నా నోరు గూడ ఊకోదు. తిట్టు మొత్తం భాషలకెల్లి తీసెయ్యమని నేను అంటలేను.

అనే ముందట మూడు సంగతులు చూసుకోమంటున్న. ఒకటి, ఆ మనిషికి పానం మంచిగున్నదా? రెండు, ఆయన చేసే పని మన లెక్కల ఉన్నదా, లేక పైస రాదని పనే కాదనుకుంటున్నమా? మూడు, మనం ఇస్తమన్న కూలి మనకు ఇస్తే మనం పోతమా? మూడిటికి జవాబు దొరికినంక గూడ అనబుద్ధయితే అనుండ్రి.

నాటు ఒడిసినంక చాయ్ హోటల్ కాడ గా ఆసామి మల్ల కలిసిండు. కూలోళ్లు దొరికిండ్రా అని అడిగిన. దొరికిండ్రన్నడు. ఎట్ల అంటే, పక్కూర్ల ఇచ్చే గుత్త రేటే ఇచ్చిన, మన ఊరి ఆడోళ్లే వచ్చిండ్రు, రెండు దినాలల్ల ఒడగొట్టిండ్రు అన్నడు. "గని నాకేం మిగుల్తది? డీజిల్ గంతయింది, ఎరువు గంతయింది, వడ్లకు ధర లేకపాయె" అని తన బాధ చెప్పుకున్నడు. అది నిజమైన బాధ. దాని మీద గంటసేపు మాట్లాడుకున్నం. ఆ గంటల సోమరిపోతు అనే మాట ఒక్కసారి గూడ రాలేదు.